ఇరవైమూడేళ్ళకే కాంట్రాక్టరా?

సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసిన కుర్రవాడు ఎవరి దగ్గరా జీతానికి చేరనని, సొంతంగా ఇళ్ళ పనులు పట్టుకుంటానని అంటే ఇంట్లో పెద్దలు కంగారుపడతారు. ఆ కంగారులో అనుభవం ఉంది, భయమూ ఉంది. కుర్రవాడి పట్టుదలలో తొందరపాటు ఉంది, సరైన లెక్కా ఉంది. ఈ రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరి నోట పలికిస్తున్నాను. ఒకరు పంచాయతీరాజ్ శాఖలో డి.ఈ.గా రిటైరైన మామయ్య, ఇంకొకరు బీటెక్ సివిల్ చదివిన ఇరవైమూడేళ్ళ మేనల్లుడు. మనుషులు కల్పితం, వాళ్ళు చూపే సాక్ష్యాలు కావు. నేను మేనల్లుడి పక్షానే ఉన్నాను, అయితే ఒక షరతు మీద. మామయ్య మాట పూర్తిగా వింటే తప్ప ఆ షరతు ఏమిటో తేలదు.

మామయ్య: ఒరేయ్ నాన్నా, నీకు చదువు రాదని నేననడం లేదు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో రాసే ఉంది. ఆరు మీటర్లు దాటిన బీముకైతే 21 రోజులు. పరీక్షలో నువ్వు రాసే ఉంటావు. కానీ అయిదో రోజు పొద్దున సెంట్రింగు మేస్త్రి వచ్చి, షీట్లు ఇంకో సైటుకు పోవాలి, అద్దె ఎవరిస్తారని నిలదీస్తే, నీకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడైన ఆ మనిషిని కాదనే గట్టిదనం నీకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటాయన గృహప్రవేశం ముహూర్తం పెట్టించేశానని తొందరపెడుతుంటాడు. రాడ్ బెండింగువాడు స్టిరప్పులు దూరం దూరంగా కట్టి, అందరూ ఇలాగే కడతారండీ అంటాడు. ఇలాంటివి వంద చూసినవాడు మాత్రమే నూటొకటో దాన్ని ఆపగలడు. అందుకే అంటున్నాను, పదేళ్ళు ఎక్కడైనా మంచి కంపెనీలో చెయ్యి. తర్వాత నీ బోర్డు నువ్వు కట్టుకో.

మేనల్లుడు: ఆ గట్టిదనం ఉద్యోగంలో వస్తుందంటున్నారు మామయ్యా, నాకు ఆ నమ్మకం లేదు. పెద్ద కంపెనీలో కొత్తగా చేరిన సైటు ఇంజినీరు చేసే పని ఏమిటి? ఒక టవర్లో రెండేళ్ళపాటు స్టీలు చెక్ చేస్తాడు, కాంక్రీటు పోసిన రోజు రిజిస్టరు రాస్తాడు. రేటు ఎంతకు ఒప్పుకున్నారో అతనికి చెప్పరు. సిమెంటు డీలరుతో బేరం పర్చేజ్ డిపార్టుమెంటు చేస్తుంది. బిల్లు రాబట్టేది ఇంకెవరో. పదేళ్ళ తర్వాత అతను మంచి ఇంజినీరు అవుతాడు, కాదనను. కానీ సొంత పనికి కావలసినవి ఎస్టిమేటు, బేరం, వసూలు, కూలీల ముఠాను నిలబెట్టుకోవడం. ఆ నాలుగింటిలో అతను అప్పటికీ కొత్తవాడే. పైగా అప్పటికి పెళ్ళి, పిల్లలు, ఇంటి లోను ఈఎమ్ఐ. మూడు లక్షల నష్టం ఇరవైమూడేళ్ళవాడు రెండేళ్ళలో పూడ్చుకుంటాడు. ముప్పైఅయిదేళ్ళవాడు ఆ భయంతో అసలు అడుగే వెయ్యడు. వాల్‌చంద్ హీరాచంద్ రైల్వే కాంట్రాక్టుల్లోకి దిగింది ఇరవైల వయసులోనే. 1926లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ పుట్టడానికి ఆ పనులే పునాది.

మామయ్య: నువ్వు చెప్పిన ఉదాహరణే నా పక్షాన సాక్ష్యం చెబుతోంది. వాల్‌చంద్ ఒంటరిగా దిగలేదు. ఆయనతో వాటా కలిసిన ఫాటక్ అంతకుముందు రైల్వేలో గుమాస్తా. ఆ శాఖలో పని ఎలా నడుస్తుందో, బిల్లు ఎక్కడ ఆగుతుందో లోపలి నుంచి తెలిసిన మనిషి. వాల్‌చంద్‌ది సోలాపూరులో వ్యాపారం చేసే కుటుంబం, వెనక డబ్బుంది. ఎల్ అండ్ టీ పెట్టిన లార్సెన్, టూబ్రోల సంగతి చూడు. సిమెంటు యంత్రాలు తయారుచేసే డెన్మార్కు కంపెనీ ఇంజినీర్లుగా ఈ దేశం వచ్చారు. కోయంబత్తూరు దగ్గర మదుక్కరై సిమెంటు ఫ్యాక్టరీ పని టూబ్రో చేశాడు. ఆ తర్వాతనే, 1938లో, ఇద్దరూ ముప్పై దాటిన వయసులో సొంత సంస్థ పెట్టారు. అనుభవమో, అనుభవమున్న భాగస్వామో, వెనక డబ్బో లేకుండా నిలబడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు.

మేనల్లుడు: పెద్ద పేర్లు వదిలేద్దాం, మన ఊళ్ళే చూద్దాం. తాపీ మేస్త్రి కొడుకు పదహారు, పదిహేడేళ్ళకు తండ్రి వెంట పనిలోకి దిగుతాడు. ఇరవై దాటేసరికి గోడ కట్టుబడి, ప్లాస్టింగు అతని చేతిలో ఉంటాయి. పాతికేళ్ళకు నలుగురిని వెంటేసుకుని లేబర్ కాంట్రాక్టు పడతాడు. పాలమూరు గుంపు మేస్త్రీలను, వడ్డెర కుటుంబాల్లో రాతిపని, మట్టిపని పట్టే కుర్రాళ్ళను చూడండి. మన ఊళ్ళలో నిలబడిన ఇళ్ళలో ఎన్నింటికి బీటెక్ ఇంజినీరు నిలబడి పని చేయించాడు? వాళ్ళని వయసు చాలదని ఎవరూ ఆపలేదే! పుస్తకం చదివినవాడికే ఈ ఆంక్ష ఎందుకు?

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. మేనల్లుడు గెలిచాననుకుంటున్న ఈ మాటలోనే మామయ్య వాదం అసలు బలం దాగి ఉంది. మేస్త్రి కొడుకు పాతికేళ్ళకు కాంట్రాక్టు పట్టినప్పుడు అతని వెనక ఎనిమిదేళ్ళ పని ఉంటుంది. బీటెక్ కుర్రవాడికి ఇరవైమూడేళ్ళకు ఇంటర్న్‌షిప్ పేరుతో గడిపిన కొన్ని వారాలుంటాయి. అంటే వయసును పుట్టిన సంవత్సరం నుంచి కాదు, మొదటిసారి మాల్ కలిపిన రోజు నుంచి లెక్కపెట్టాలి. అలా లెక్కిస్తే మన ఇంజినీరు కుర్రవాడు తోటి మేస్త్రి కన్నా బాగా చిన్నవాడు. ఇందుకు పరిష్కారం పదేళ్ళ ఉద్యోగం కాదని మాత్రం నేను మేనల్లుడితో కలిసి అంటాను. ఒక మంచి మేస్త్రి దగ్గర ఏడాదో, ఏడాదిన్నరో పునాది ముగ్గు పోసిన రోజు నుంచి తాళం చెవులు ఇచ్చేదాకా రెండు మూడు ఇళ్ళు పూర్తిగా చూడటం, కంపెనీలో ఒకే టవర్ మీద గడిపిన అయిదేళ్ళ కన్నా ఎక్కువ నేర్పుతుంది. 1998లో హైదరాబాదులో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ, రాడ్ బెండింగు, ప్లంబింగు పనుల్లో శిక్షణ ఇస్తోంది. డిగ్రీ ఉన్న పిల్లలు అది తమకోసం కాదనుకుంటారు. తాపీ పట్టడం తక్కువ పని అనుకునే మనసుతో ఈ వ్యాపారంలోకి రావడం కన్నా ప్రమాదం లేదు. సరే, చేతిపని వచ్చిందనుకుందాం. అప్పుడు డబ్బు ప్రశ్న వస్తుంది.

మామయ్య: లెక్క వేసి చూపిస్తాను, విను. 1,200 చదరపు అడుగుల ఇల్లు, మెటీరియల్‌తో సహా అడుగుకు 2,000 రూపాయలకు ఒప్పుకున్నావనుకో. మొత్తం 24 లక్షలు. నీకు మిగిలేది 10 శాతం వేసుకుంటే 2 లక్షల 40 వేలు. అడుగుకు సుమారు 4 కిలోల స్టీలు పడుతుంది, అంటే 4,800 కిలోలు. సిమెంటు అడుగుకు 0.4 బస్తా చొప్పున 480 బస్తాలు. స్టీలు కిలోకు 10 రూపాయలు, సిమెంటు బస్తాకు 50 రూపాయలు పెరిగితే చాలు, 48 వేలూ 24 వేలూ కలిపి 72 వేలు పోతుంది. నీ లాభంలో 30 శాతం. నువ్వు ఏ తప్పూ చెయ్యకుండానే! 2022 మొదటి నెలల్లో స్టీలు ధర ఎంత ఎగిరిందంటే, మే నెలలో కేంద్రం ఎగుమతి సుంకం వెయ్యాల్సి వచ్చింది. 2019లో ఆంధ్రలో ఇసుక దొరక్క నెలల తరబడి పనులు ఆగాయి. కూలీలు పస్తులున్నారు, చిన్న కాంట్రాక్టర్లు సెంట్రింగు అద్దెలు కడుతూ ఖాళీగా కూర్చున్నారు. వానలు, వరదలు, మారిన విధానం, వీటిలో ఏదీ నీ చేతిలో ఉండదు. ఇంకో సంగతి. ఇంటాయన చివరి 10 శాతం ఫినిషింగు అయ్యాక ఇస్తానంటాడు. టైల్సు మధ్య సందు బాగాలేదని, తలుపు బిగుసుకుందని ఆ డబ్బు ఆరు నెలలు ఆపుతాడు. నీ లాభమంతా ఆ 10 శాతంలోనే ఉంది కదా!

మేనల్లుడు: ఈ లెక్క నేనూ వేసుకున్నాను. అందుకే మెటీరియల్‌తో సహా రేటుకు మొదటి రెండేళ్ళు పని పట్టను. సిమెంటు, స్టీలు, ఇసుక ఇంటాయనే కొంటారు. పని చేయించడం, పర్యవేక్షణ, కొలతలు, నాణ్యత నావి. లాభం తక్కువ, ఒప్పుకుంటాను. కానీ ధర పెరిగితే ఆ భారం నా మీద పడదు, నా దగ్గర పెట్టుబడి లేకపోయినా పని ఆగదు. స్లాబు పడితే ఇంత, గోడలు లేస్తే ఇంత అని వారం వారం చేసిన పనికి డబ్బు వస్తుంది. తర్వాత మెటీరియల్‌తో సహా తీసుకున్నా, ఒప్పందంలో స్టీలు, సిమెంటు ఆనాటి ధర రాసి, అంతకు మించి పెరిగితే తేడా ఇంటాయనది, తగ్గితే ఆ మేలూ ఆయనదే అని ముందే సంతకాలు చేయిస్తాను. మన ఊళ్ళలో ఇళ్ళ పనులు చాలావరకు నోటిమాట మీదే నడుస్తాయి. తగాదాలు అక్కడే పుడతాయి.

మామయ్య: కాగితం రాస్తావు, బాగానే ఉంది. అయినా నువ్వు ఇళ్ళ దగ్గర ఆగుతావా? రెండు ఇళ్ళు కట్టగానే ఎవరో స్థలమున్నాయన వస్తాడు. డెవలప్‌మెంటుకు ఇస్తాను, ఫ్లాట్లు చెరి సగం అంటాడు. నువ్వు నీ సగం ఫ్లాట్లు కట్టకముందే అమ్మి, ఆ డబ్బుతో కడతావు. చుట్టుపక్కల అందరూ చేస్తున్నదే కదా అంటావు.

మేనల్లుడు: ఆ గీత దాటను మామయ్యా. కాంట్రాక్టరు చేసిన పనికి డబ్బు తీసుకుంటాడు. బిల్డరు చెయ్యబోయే పనికి డబ్బు తీసుకుంటాడు. నేను చెయ్యాలనుకుంటున్నది మొదటిది.

ఈ సంవాదమంతటికీ కీలకం ఈ తేడాయే అని నా నమ్మకం. చిన్న వయసులో నిర్మాణ వ్యాపారం మొదలుపెట్టవచ్చా అనే ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పలేం, ఎందుకంటే ఆ పేరు కింద రెండు వేరు వేరు వ్యాపారాలున్నాయి. చేసిన పని అమ్మే వ్యాపారంలో కుర్రవాడి తప్పుకు హద్దుంటుంది. కట్టిన గోడ కళ్ళముందు ఉంటుంది, నచ్చకపోతే ఇంటాయన అక్కడితో ఆపేసి ఇంకొకరిని పెట్టుకోగలడు. మాట అమ్మే వ్యాపారంలో ఇరవై కుటుంబాల పొదుపు ముందే అతని చేతికి వస్తుంది, తప్పు బయటపడేసరికి ఆ డబ్బు ఉండదు. 2016 నాటి రెరా చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించే వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగానీ, 8 ఫ్లాట్లకు మించిగానీ కట్టేవారు రిజిస్టరు చేసుకోకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవాళ్ళ దగ్గర వసూలైన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు పేరునే విడి ఖాతాలో ఉండాలి. ఎంత పని జరిగితే అంతే తీయాలి. దానికి ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. తాళాలు ఇచ్చాక అయిదేళ్ళ లోపు నిర్మాణ లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. హైదరాబాదులో ప్రీ-లాంచ్ పేరుతో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళ గోడు విన్నవారికి ఈ నిబంధనలు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. రెండు మూడు ఇళ్ళ అనుభవం ఉన్నవాడు ఆ బరువు ఎత్తుకోవడం ధైర్యం అనిపించుకోదు. పరాయి సొమ్ముతో సాహసం అవుతుంది. నా షరతు ఇదే: కుర్రవాడు మొదలుపెట్టాలి, కాంట్రాక్టరుగా మాత్రమే. మామయ్య దగ్గర ఇంకో అభ్యంతరం ఉంది. అది డబ్బుకు సంబంధించింది కాదు.

మామయ్య: తప్పులు చేస్తూ నేర్చుకుంటానంటావు. మిగతా వ్యాపారాల్లో అది చెల్లుతుంది. ఇక్కడ నీ తప్పుకు ఇంకొకడు చచ్చిపోతాడు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్ళలో చాలామంది మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పొట్టకూటికి వెళ్ళిన కూలీలే. పక్కన మిగిలిన రెండో టవర్‌ను కూడా రెండేళ్ళ తర్వాత పేల్చి పడగొట్టాల్సి వచ్చింది. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కడుతున్న భవనం కూలి 11 మంది పోయారు. అక్కడా విజయనగరం కూలీలున్నారు. నువ్వు నేర్చుకోవడానికి ఆ ప్రాణాలు ఫీజుగా కట్టాలా?

మేనల్లుడు: ఆ రెండు చోట్లా కట్టించింది నా వయసువాళ్ళు కాదు మామయ్యా. పెద్ద వయసు ఆ కూలీలను కాపాడలేదు. అనుభవం ఉన్నవాడికి ఇంకో జబ్బు వస్తుంది. ఇన్నేళ్ళూ ఇలాగే కట్టాం, ఏమీ కాలేదు కదా అంటాడు. భూమి పరీక్ష అనవసరం అంటాడు, స్ట్రక్చరల్ డ్రాయింగు లేకుండా పాత ఇంటి కాలమ్ సైజే కొత్త ఇంటికీ పెట్టేస్తాడు. నాకు ఆ ధీమా లేదు. నేను డిజైన్ చెయ్యను, లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగు లేకుండా ముగ్గు కూడా పొయ్యను. రెండంతస్తులకు మించి ముట్టుకోను. ప్రతి స్లాబుకూ కాంక్రీటు క్యూబులు తీసి 7 రోజులకూ 28 రోజులకూ ల్యాబులో పగలగొట్టిస్తాను.

మామయ్య: మంచిదే. మరి మూడు నెలల తర్వాత, ఇంటాయన ఆ ఖర్చు దేనికన్నప్పుడు?

మేనల్లుడు: ఆ ఖర్చు రేటులోనే ముందే కలిపి రాస్తాను. విడిగా అడిగితేనే కదా కాదనేది.

ప్రాణాల ప్రశ్నకు మేనల్లుడి జవాబు సగమే సరైనది. క్యూబు బలం చెబుతుంది, సెంట్రింగు కింద నిలబడ్డ మనిషి క్షేమం చెప్పదు. చిన్న ఇళ్ళ పనుల్లో ప్రాణాలు తీసేవి ఎక్కువగా డిజైను లోపాలు కావు. అంచున రెయిలింగు లేని స్లాబు, కరెంటు తీగకు తగిలిన ఇనుప చువ్వ, సపోర్టు లేని పునాది గుంట గోడ, ఇవే. వీటిని ఆపడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఆపాలన్న పట్టు, రోజూ పొద్దున పది నిమిషాలు చాలు. పని చేస్తూ పోయినవాడి కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత 1923 నాటి చట్టం నుంచీ పని చేయించుకునేవాడి మీదే ఉంది. కూలీ రోజువారీ వాడే కదా, మస్టరులో పేరు లేదు కదా అంటే చెల్లదు. ఇళ్ళ కాంట్రాక్టర్లలో కూలీలకు ఇన్సూరెన్సు తీసుకునేవాళ్ళు ఎంత అరుదో మనకు తెలుసు. కొత్తగా దిగే కుర్రవాడు మొదటి సైటుకే ఆ పాలసీ తీసుకుంటే పెద్దవాళ్ళ కన్నా ముందున్నట్టే. తీసుకునే స్తోమత లేదంటే మాత్రం మామయ్య మాట విని ఉద్యోగానికి వెళ్ళాలి. ఈ విషయంలో నేను ఆయన పక్షమే. ఇంటాయనకూ రక్షణ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని సేవల్లో చేర్చింది, లోపానికి కమిషన్ ముందు నిలబెట్టవచ్చు. ఇరవైమూడేళ్ళవాణ్ణి కదా అని అక్కడ ఎవరూ కనికరించరు.

మామయ్య: గవర్నమెంటు పనుల మాట ఎత్తలేదేం? అయిదో క్లాసు రిజిస్ట్రేషన్ చేయించుకుని చిన్న చిన్న సీసీ రోడ్లు, డ్రెయిన్లు పట్టే కుర్రాళ్ళు చాలామందే ఉన్నారుగా.

మేనల్లుడు: అది మీకే బాగా తెలుసు మామయ్యా, మీరే వద్దంటారనుకున్నాను. కొలతలు రాసే ఎం-బుక్కులో రికార్డయ్యి, చెక్ మెజర్‌మెంటు అయ్యాక కూడా డబ్బు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆంధ్రలో నీరు-చెట్టు పథకం పనుల బిల్లులు 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయి, చిన్న కాంట్రాక్టర్లు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. వడ్డీకి తెచ్చి పని చేసినవాడు అక్కడితో అయిపోతాడు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతుంది గానీ, వర్క్స్ కాంట్రాక్టులకు అది వర్తించదన్న తీర్పులూ ఉన్నాయి. చట్టం చూసుకుని అప్పు చెయ్యలేను.

ఇందులో ఇద్దరికీ తేడా లేదు, నాకూ లేదు. మిగిలిన తగువు ఒక్కటే, రెండో సైటు ఎప్పుడు పట్టాలన్నది. మొదటి ఇంటి అడ్వాన్సు రెండో ఇంటి స్లాబులో, రెండోదాని డబ్బు మూడోదాని పునాదిలో పోస్తూ నాలుగు సైట్లు నడిపేవాడు వ్యాపారం పెరుగుతోందనుకుంటాడు. ఒక్క ఇంటాయన డబ్బు ఆపితే నాలుగూ ఒకేసారి ఆగుతాయి.

మామయ్య: రెరాలో 70 శాతం విడి ఖాతా పెట్టమన్నది పెద్ద బిల్డర్లనే అయినా, ఆ పద్ధతి నువ్వు నీ మీద వేసుకో. సైటుకో బ్యాంకు ఖాతా తెరువు. స్టేట్‌మెంటు ఇంటాయన ఎప్పుడడిగితే అప్పుడు చూపించు. మొదటి ఇంటి తాళం ఇచ్చి, చివరి రూపాయి వసూలు చేసుకున్నాకే రెండో ఇంటికి ముగ్గు పొయ్యి.

మేనల్లుడు: ఖాతాలు విడిగా పెడతాను, ఒప్పుకున్నాను. కానీ చివరి రూపాయి దాకా అంటే ఏడాదికి ఒక్క ఇల్లే అవుతుంది. ఫినిషింగు దశలో నా తాపీ ముఠాకు పనుండదు. రెండు నెలలు ఖాళీగా ఉంచితే వాళ్ళు ఇంకొకరి దగ్గరికి పోతారు. మళ్ళీ అడ్వాన్సులిచ్చి కొత్తవాళ్ళను తెచ్చుకోవాలి. మొదటి ఇంటికి ప్లాస్టింగు మొదలైనప్పుడే రెండో ఇంటి పునాది తియ్యాలి.

మామయ్య: అప్పుడు నీ చివరి 10 శాతం ఇంకా ఇంటాయన దగ్గరే ఉంటుంది.

మేనల్లుడు: లేబర్ కాంట్రాక్టులో ఆ 10 శాతం నా పర్యవేక్షణ డబ్బు మాత్రమే మామయ్యా. ముఠా కూలి అప్పటికే వారం వారం ఇచ్చేసి ఉంటాను, అది ఎవరి దగ్గరా ఆగదు. నేను ఆరు నెలలు ఆగగలను. వాళ్ళు ఆగలేరు.

మెటీరియల్‌తో సహా పని పట్టిన రోజున మామయ్య చెప్పిన క్రమమే సరైనది, ఎందుకంటే అప్పుడు ఆగిన 10 శాతంలో సిమెంటు డీలరు బాకీ కూడా ఉంటుంది. కూలి పని వరకే పట్టే మొదటి రెండేళ్ళకు మాత్రం మేనల్లుడి లెక్క తప్పని చెప్పడానికి నాకు కారణం కనిపించలేదు. ముఠాను చెదరనివ్వకపోవడం అతని వ్యాపారానికే కాదు, ఆ కూలీల ఇళ్ళకూ అవసరం.